మొదటి సీసా

చిరంజీవి మేనల్లునికి ఆశీస్సులు.

ఎడింబరోలో ఉద్యోగమున కుదురుకొన్న నీవు, అచటి మిత్రులు సింగిల్ మాల్టును గూర్చి ముచ్చటించునపుడు ఊరక తలయూపుట తప్ప గత్యంతరము లేకున్నదనియు, ఏ సీసాతో ఓనమాలు దిద్దవలయుననియు అడిగితివి. గ్లెన్‌ఫిడిక్ పన్నెండేండ్లదానితో దిద్దుము. అన్ని అంగళ్లలో దొరకునని దానిని చూచి పెదవి విరుచువారుందురు. విలియం గ్రాంట్ బిడ్డల సాయమున కట్టిన డఫ్‌టౌను గ్లెన్‌ఫిడిక్ బట్టీలో 1887 క్రిస్మస్ నాడు తొలిధార వెడలగా, మిశ్రమ విస్కీలదే రాజ్యమైన 1963లో ఆ వంశమువారు ఒక్క బట్టీ సరుకునే దేశాంతరములకు పంప సాహసింపకున్నచో, ఆ విరుచువారికి మాటాడుటకు మాల్టే దొరకకుండెడిదేమో!

మొలకెత్తిన బార్లీ తప్ప మరొక ధాన్యము చేరక, ఒకే బట్టీలో రాగిపాత్రలనుండి దిగి, ఓక్ పీపాలలో కనీసము మూడేండ్లు మాగిన విస్కీయే సింగిల్ మాల్టు. చీటీపైని పన్నెండు అందు కలిసిన పీపాలలో అతిపిన్నదాని వయస్సు. రంగును చూచి భ్రమపడకుము. కారమెల్ కలుపుటకు చట్టమే సమ్మతించినది.

అడుగున బొద్దుగా, అంచున సన్నగా నుండు గ్లాసులో కొంచెము పోసి, కాసేపు ఊరకుండుము. పిమ్మట పెదవులను ఒకింత తెరచి, ముక్కును అంచునకు మెల్లగా చేర్చుము. తొలుత ఆల్కహాలు చుఱుక్కుమనును, తొందరపడి ముక్కు ముంచినవానికి ఆపై మరేమియు తెలియదు. ఓర్చినవానికి పియరు పండు, పచ్చి ఆపిలు తోచును. పులియునపుడు పుట్టిన ఎస్టరులే ఆ ఫలగంధమునకు మూలము. వెనుక తోచు వెనిలా పరిమళము బూర్బన్ నింపిన అమెరికా పీపాలదియు, ఎండుద్రాక్ష ఛాయ షెర్రీ పీపాలదియు. నీకు అరటిపండే తోచినచో అరటిపండనియే వ్రాసికొనుము. సీసా వెనుక అచ్చొత్తిన వర్ణనకు నీ ముక్కు బద్ధము గాదు.

ఇక నోటబట్టి, నాలుకపై నలుదెసల త్రిప్పి మ్రింగి, గొంతులో ఎంతసేపు నిలుచునో గమనింపుము. ఆ పూట ఆవకాయ ముట్టకుము.

నీరు కలుపుట అపచారమని ఎవరేని గద్దించినచో నవ్వి యూరకొనుము. పీపానుండి తీసినదానిని సీసాకెత్తుటకు ముందే నీటితో నూటికి 40 పాళ్ల ఆల్కహాలునకు దించిరి. మరి రెండు చుక్కలకు మైల యెట్లు కలుగును? రెండు గ్లాసులలో పోసి, ఒకదాన మాత్రమే చుక్కలు వేసి, మార్చి మార్చి వాసన చూడుము. ఒక పూట ఈ పని చేసినవానికి పదిసీసాలు కొన్నవానికంటె ఎక్కువ తెలియును. మంచుగడ్డ మాత్రము వలదు, చలువకు గంధము ముడుచుకొనును.

ఐలా ద్వీపపు లఫ్రోయిగ్ జోలికి ఇప్పుడే పోవలదు. దాని పీటు పొగ క్రొత్తవాని ముక్కును కమ్మివేయును. ఈ సీసా సగమైన పిదప జాబు వ్రాయుము, లఫ్రోయిగ్ సంగతి చెప్పెదను.

ఇట్లు
నీ మేనమామ