ఉప్పునీటి కయ్యలలో భారలోహములు: పరీక్షించు విధము

సముద్రతీరమున ఇసుకతిన్నెల వెనుక నిలిచి, సన్నని మొగల ద్వారా సముద్రముతో సంబంధము గల లోతు తక్కువ జలాశయమును కయ్య యందురు. భారతదేశమున ఇట్టి వానిలో ఒడిశాలోని చిలికా మొదటిది, పులికాట్ రెండవది. పులికాట్‌ను స్థానికులు ప్రళయకావేరి యని కూడ పిలుతురు. శ్రీహరికోట దీవి దీనిని బంగాళాఖాతమునుండి వేరుచేయుచున్నది. కాళంగి, అరణియార్, స్వర్ణముఖి నదుల నీరు ఇందు చేరును. దక్షిణమున ఎన్నూరు వైపు బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రములును, ఇతర కర్మాగారములును కలవు. బకింగ్‌హాం కాలువ ఆ ప్రాంతమును సరస్సుతో కలుపుచున్నది. కావుననే ఇచ్చటి నీటిని, మట్టిని, చేపలను పరీక్షించుట అవసరము.

ఈ నీటిని ఎవరును త్రాగరు. త్రాగునీటిలో సీసము లీటరుకు 0.01 మిల్లీగ్రామునకు మించరాదను భారతీయ ప్రమాణముతో మాత్రమే దీనిని పోల్చి, 'భయము లేదు' అని తేల్చుట సరికాదు. ఇచ్చట ప్రజల శరీరములోనికి లోహము చేరు ప్రధాన మార్గము చేప, రొయ్య, పీత, ఆలుచిప్ప. తీరమునందలి జాలరి కుటుంబములకు ఇవియే నిత్యాహారము.

జపానులోని మినమాటా అఖాతమున జరిగినది ఇందుకు నిదర్శనము. ఒక రసాయన కర్మాగారమునుండి వెలువడిన పాదరసము మిథైల్ పాదరసముగా చేపలలో చేరెను. వానిని తినినవారికి చేతులు కాళ్లు తిమ్మిరెక్కెను, మాట తడబడెను, చూపు తగ్గెను; తల్లి గర్భమునందలి శిశువులు సైతము దెబ్బతినిరి. ఈ వ్యాధిని అధికారికముగా గుర్తించినది 1956లో. దానికి కర్మాగారపు మలినజలమే కారణమని ప్రభుత్వము ప్రకటించినది 1968లో. నడుమ గడచిన పండ్రెండేండ్లును ప్రజలు చేపలు తినుచునే యుండిరి.

పరీక్షకు నీరు పట్టుటలోనే సగము తప్పులు జరుగును. సీసాలను పలుచని నత్రికామ్లముతో కడుగవలెను. లోహములకై పట్టిన నీటిలో కొంత ఆమ్లము కలుపనిచో లోహము సీసా గోడలకే అంటుకొనిపోవును. ప్రయోగశాలకు చేరునప్పటికి నీరు నిజముకన్న శుద్ధముగా కనబడును. ఉప్పదనము, ఉష్ణోగ్రత, ఆమ్లక్షారస్థితి, కరగిన ప్రాణవాయువు అచ్చటనే చూచుట మేలు. పడవ యంత్రము ప్రక్కన పట్టిన నమూనా యంత్రపు మాలిన్యమునే చూపవచ్చును.

అయినను నీరు ఆనాటి సంగతి మాత్రమే చెప్పును. ఈశాన్య ఋతుపవన వర్షములకు కయ్య దాదాపు మంచినీటి వలె మారును. వేసవిలో కొన్ని చోట్ల సముద్రముకన్న ఉప్పనగును. ఉప్పదనము హెచ్చినప్పుడు మట్టి రేణువులకు అంటియున్న కాడ్మియము కొంత విడిపడి నీటిలో కలియును. అందుచేత ఒకే ఋతువులో ఒకసారి చేసిన పరీక్ష చాలదు.

అడుగు బురద అట్లుకాదు, ఏండ్ల తరబడి జరిగిన దానిని దాచియుంచును. భారతదేశమున సీసము కలిపిన పెట్రోలు అమ్మకము 2000లో నిలిచిపోయినను, అంతకుముందు బురదలో చేరిన సీసము ఒక్కసారిగా మాయము కాదు. అయితే మెత్తని బురద ఇసుకకన్న ఎక్కువ లోహమును పట్టియుంచును. కావున ఒకచోటి బురదను మరియొకచోటి ఇసుకతో పోల్చి కాలుష్యమని కేకలు వేయుట పొరపాటు. రేణువుల పరిమాణమును చూచి, ఆ ప్రాంతపు మట్టిలో సహజముగా నుండు లోహమును లెక్కలోనికి తీసికొనవలెను. తొందరపాటు ప్రకటన వలన ఒక్క వారములో జాలరుల చేప అమ్ముడుపోకుండును. ఫలితమును దాచిపెట్టుట అంతకన్న పెద్ద అపకారము.

చివరకు చేపలనే పరీక్షింపవలెను. ఆలుచిప్పలు నీటిని వడగట్టి బ్రతుకును గనుక కాడ్మియము, రాగి, జింకు వానిలో పోగగును. పాదరసము చిన్న చేపలను తిను పెద్ద చేపలలో హెచ్చు. అందుచే ఒకే జాతిని, ఒకే పరిమాణము గలవానిని, ఒకే చోట ప్రతి ఋతువునందును పట్టి చూచుట మంచిది. కండను, కాలేయమును వేరువేరుగా పరీక్షింపవలెను; ప్రజలు తినునది కండ.

ఉడికించినను, వేయించినను, ఎండబెట్టినను లోహము పోదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, చిన్నపిల్లలు సొర వంటి పెద్ద వేటచేపలను మానుకొని చిన్న చేపలను తినవచ్చును. చేపను పూర్తిగా మానుట ఆరోగ్యమునకు మేలు కాదు. పీత తలభాగమున నుండు మెత్తని పదార్థమున కాడ్మియము కండలోకన్న ఎక్కువగా నుండును గనుక దానిని తీసివేసి వండుకొనుట మంచిది.