చిరునామా ఒకరిది, ఖాతా మరొకరిది

ఆలూరులో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి, ఎడ్జ్ బ్రౌజరులో మీ జీమెయిల్ చిరునామాతో మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచారనుకోండి. చిరునామా గూగుల్‌ది, ఖాతా మైక్రోసాఫ్ట్‌ది. కనుక పాస్‌వర్డు కూడా వేరేది పెట్టుకోవాలి.

ఫైర్‌ఫాక్స్ తీరు వేరు. దాని యజమాని మొజిల్లా, గూగుల్ ఖాతాతోనే లోపలికి రానిస్తుంది. ఎలాగంటారా? ఆలూరు బడి ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్టును ఆదోని కాలేజీవారు నమ్మరూ? అలాగే గూగుల్ తన పేజీలోనే పాస్‌వర్డు అడిగి, 'ఈ మనిషి ఫలానా' అని సంతకం చేసిన చీటీని పంపుతుంది. పాస్‌వర్డు మొజిల్లాకు తెలియదు. ఇలాంటి చీటీలకు 2014లో ఓపెన్‌ఐడీ కనెక్ట్ అనే ప్రమాణం వచ్చింది. పోటీదారులు కూడా దాన్ని ఒప్పుకోవడం విశేషమే!

అన్నట్టు, బ్రౌజరులోకే ప్రవేశించి సింక్ నడిపితే, మీరు దాచుకున్న పాస్‌వర్డులు ఆ కంప్యూటరులోకి దిగుతాయి. హాల్‌టికెట్టు తీసుకుని లేచేముందు ఖాతా మూసి, దిగిన సమాచారాన్ని కూడా చెరిపేయండి.