కావలి వలననే కూటమికి పేరు

విద్యార్థులారా! మన ఊరి పేరు చివరనున్న ‘పాళయము’ అను మాటను మీరు దినమున కెన్నియో మారులు పలుకుచుందురు. తెలుగున దానినే పాళెము అందురు. సేనలు విడిసియుండు చోటు అని దాని అర్థము. మన పెద్దలు విజయనగర ప్రభువుల కాలమున ఆంధ్రదేశమునుండి దక్షిణమునకు వచ్చి స్థిరపడినవారని ఇంటింట చెప్పుకొనుచున్నాము. కావున కావలి అను భావము మన ఊరి పేరులోనే ఇమిడియున్నది.

నేటి లోకమున ఇరుగుపొరుగు దేశములు కూటములుగా ఏర్పడుచున్నవి. వాటికి నియమావళులు, పతాకములు, కార్యాలయములు ఉండును. అయినను బయటివారు కొన్ని కూటములనే ఒక్క వ్యక్తివలె ఎంచి వాటి మాటను మన్నింతురు. తక్కినవి పేరునకు మాత్రమే ఉండును. ఈ భేదమునకు కారణమేమి? ఆపద సమయమున సభ్యులు ఒకరి నొకరు కాచుకొనుటయే ముఖ్యకారణమని నా అభిప్రాయము. దీనిని పరిశీలించుటకు ముందుగా దూరదేశములకు పోనక్కరలేదు; మన పరిసరముల చరిత్రయే మొదటి పాఠము.

డెబ్బదిరెండు బురుజులు

16వ శతాబ్దమున మధుర నేలిన విశ్వనాథ నాయకుడును, అతని దళవాయి అరియనాథ మొదలియారును ఈ సీమను పాళెములుగా విభజించిరి. మధుర కోటకు 72 బురుజులు. ఒక్కొక్క బురుజు కావలి ఒక్కొక్క పాళెగానికి అప్పగింపబడెను. పాళెగాడు తన రాబడిలో మూడవ వంతు నాయకునకు కప్పముగా చెల్లించి, మరియొక వంతుతో సేనను పోషించి, మిగిలినది తన వ్యయమునకు ఉంచుకొనెడివాడని చరిత్రకారులు చెప్పుదురు. ఎట్టయపురము, పాంచాలంకురిచ్చి వంటి తూర్పు పాళెములలో తెలుగు మాటలాడు నాయకులును, పడమటి పాళెములలో తమిళులగు మరవ దొరలును అధిపతులుగా నుండిరి.

ఇది గొప్ప రక్షణ సహకారమే. కాని ఇందొక లోపము గలదు. ప్రతి పాళెగాని బాధ్యతయు మధుర వైపు చూచినది. పొరుగు పాళెము వైపు చూచినది కాదు. అందుచే లోకమునకు కనబడినది మధుర నాయకుల పేరే గాని పాళెముల పేరు కాదు. 1736లో ఆ నాయకరాజ్యము అంతరింపగా, నడిమి గుంజ విరిగిన పందిరివలె ఆ కట్టు చెదరి పాళెములు విడివిడిగా మిగిలినవి.

పడమటి కూటమి

పిమ్మట ఆర్కాటు నవాబు ఈ సీమపై హక్కు చెప్పి, కప్పము రాబట్టుటకు ఇంగ్లీషు కంపెనీ సేనను తోడు తెచ్చుకొనెను. 1755లో కర్నల్ హెరాన్ తిరునెల్వేలి సీమపై నడచినపుడు నెర్కట్టుంసెవ్వల్ పాళెగాడగు పూలిత్తేవరు ఎదిరించి, పడమటి పాళెములను కూడగట్టెను. మన ఊరినుండి తెన్కాశి బాటలో సేత్తూరు, శివగిరి దాటి వాసుదేవనల్లూరు చేరినచో ఆ పోరు జరిగిన ప్రాంతమును మీరు చూడవచ్చును. ఈ కూటమి మధురను కాచుటకు గాక, సభ్యులు తమ్ము తాము కాచుకొనుటకు ఏర్పడినది. అందువలననే కంపెనీ దొరలకు అది లెక్కింపదగిన పక్షమయ్యెను.

అయినను తూర్పు పాళెములవారు ఆ కూటమికి దూరముగా నుండిరి. మొదట తోడ్పడిన తిరువాన్కూరు ప్రభువు తరువాత పక్షము మార్చెను. 1761లో యూసఫ్ ఖాను నెర్కట్టుంసెవ్వలును, వాసుదేవనల్లూరును పట్టుకొనెను. సగము ఊరికే కావలి యున్నచో దొంగకు త్రోవ దొరకకుండునా?

1799లో ఇదే కథ తారుమారుగా జరిగినది. ఈసారి ఎదిరించినవాడు తూర్పు పాళెగాడగు వీరపాండ్య కట్టబొమ్మన. ఆయన తెలుగు మాటలాడు కుటుంబమువాడు. ఎట్టయపురము పాళెగాడును అట్టివాడే. కాని ఆయన కంపెనీ పక్షమున నిలిచెను. ఒకే భాష మాటలాడినంత మాత్రమున ఒకే కూటమి కాజాలదని దీనివలన తెలియుచున్నది. 1799 అక్టోబరు 16న కయత్తారున కట్టబొమ్మనను ఉరితీసిరి.

జంబూద్వీపమను పేరు

ఈ దెబ్బలు తిన్న తరువాతనే దక్షిణదేశమున విశాలమైన కూటమి రూపొందినది. శివగంగలోని తమిళులగు మరుదు సోదరులు, దిండిగల్లు సీమలోని విరూపాక్షి పాళెగాడు గోపాల నాయకుడు, 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెరనుండి తప్పించుకొనిన కట్టబొమ్మన తమ్ముడు ఊమైత్తురై ఇందు ప్రముఖులు. పాంచాలంకురిచ్చి కోట పడిపోయినపుడు ఊమైత్తురైకి ఆశ్రయమిచ్చినవారు మరుదు సోదరులే. తెలుగు కోట కూలగా తమిళ కోట తలుపు తెరచినది.

1801 జూన్ 16వ తేదీతో తిరుచిరాపల్లి కోట వాకిటను, శ్రీరంగ దేవాలయమునను చిన మరుదు పేర ఒక ప్రకటన అతికింపబడెను. అది ఎవరిని సంబోధించినదో గమనింపుడు. శివగంగవారిని మాత్రమే కాదు. తమిళులను మాత్రమే కాదు. జంబూద్వీపమున నివసించు సకల వర్ణములవారిని, ముసల్మానులను అది పిలిచినది. విడివిడి పాళెములుగా నున్నప్పుడు ఎవ్వరికిని తోచని ఈ పేరు, పొరుగువాని కష్టము తన కష్టమని నిలిచిన పిదప కలము చివరకు వచ్చినది. కలసి కాచిన కావలియే వారికి ఆ పేరు పెట్టినది.

కాని కాలము మించిపోయినది. అక్టోబరు 1న కాళైయార్ కోవిలు పడెను. 24న తిరుప్పత్తూరులో మరుదు సోదరులను ఉరితీసిరి. పాళెముల కోటలు నేలమట్టమయ్యెను, ఆయుధములు లాగికొనబడెను, మిగిలిన పాళెగాండ్రు జమీందారులైరి. 1755లో ఆ పిలుపు వెలువడియుండినచో ఏమగునో చెప్పలేము. 1801 నాటికి ఆలస్యమైనదని మాత్రము చెప్పగలము.

ఆసియాన్ నేర్చిన పాఠము

ఇప్పుడు మన కాలపు దేశముల కూటములను చూతము. 1967 ఆగస్టు 8న బాంగ్కాకున ఇండొనేసియా, మలేసియా, ఫిలిప్పైన్సు, సింగపూరు, థాయిలాండు కలసి ఆసియాన్ అను సంస్థను స్థాపించినవి. అది సైనిక కూటమి కాదు. తొలినాళ్ళలో దానిని లెక్కించినవారు కొద్దిమందియే. 1978 డిసెంబరులో వియత్నాము సేనలు కంబోడియాలో ప్రవేశింపగా, పొరుగుననున్న థాయిలాండునకు భయము పుట్టెను. అప్పుడు ఐదు దేశములు ఒకే గొంతుతో ఐక్యరాజ్యసమితిలో వాదించి, ఏటేట తీర్మానములు నెగ్గించుకొన్నవి. 1991లో పారిస్ ఒప్పందము కుదురువరకు ఆ పట్టు విడువలేదు. ఆసియాన్ అను పేరు లోకమునకు బాగుగా తెలిసినది అప్పుడే. ఆ వాదము వలన క్రూరులగు ఖ్మేర్ రూజ్ వారితో కూడిన పక్షమునకు సమితిలో స్థానము నిలిచినదను విమర్శయు గలదు. కలసి నిలుచుట పేరు తెచ్చును. ఎవరి పక్షమున నిలిచితిమను ప్రశ్నకు జవాబు వేరుగా చెప్పుకొనవలయును. వియత్నామే 1995లో ఆ కూటమిలో చేరుట మరియొక విశేషము.

బంగాళాఖాతపు ఇరుగుపొరుగు

మన దేశము సభ్యముగా నున్న బిమ్‌స్టెక్ 1997 జూన్ 6న బాంగ్కాకుననే పుట్టినది. బంగ్లాదేశము, భూటాను, భారతము, మ్యాన్మారు, నేపాలు, శ్రీలంక, థాయిలాండు అను 7 దేశములు నేడు సభ్యులు. మొదట వర్తకమే దాని ఉద్దేశము. తీవ్రవాద నిరోధము తరువాత చేర్చబడెను. అందుకై 2009లో సంతకములైన ఒడంబడిక అమలులోనికి వచ్చుటకు 2021 వరకు పట్టినది. 2018లో పూనా సమీపమున సైనికాభ్యాసము జరుగగా నేపాలు తుదిక్షణమున తన దళమును పంపలేదు. సంస్థకు నియమావళి 2022లో కుదిరి, 2024 మే 20న అమలులోనికి వచ్చినది. ఇట్టి సందేహముల వలననే దాని పేరు సామాన్యులకు తెలియకున్నది.

అయినను ఈ సముద్రతీరమున మరియొక విధమైన కావలి నడచుచున్నది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ మన తీరమును, శ్రీలంకను, థాయిలాండును ఒకేదినమున ముంచెత్తెను. అటుపిమ్మట 2007లో హైదరాబాదున సునామీ హెచ్చరిక కేంద్రము నెలకొల్పబడెను. 2011 నుండి అది హిందూమహాసముద్రపు ఇతర దేశములకును హెచ్చరికలు పంపుచున్నది. 1995లో పోర్టుబ్లెయిరున నాలుగు పొరుగు దేశముల నౌకలతో మొదలైన ‘మిలన్’ అను నౌకాదళ సమావేశము 2022లోను, 2024లోను విశాఖపట్టణమున జరిగినది; రెండవ మారు సుమారు 50 దేశములు పాల్గొన్నవి. తెలుగు నేలపై నిలిచిన ఈ రెండు కావళ్ళును పొరుగువారికి నమ్మకము కలిగించుచున్నవి. ఆ నమ్మకము పెరిగిన కొలదియే కూటమికి పేరు కలుగును.

సారాంశము

ఒకని కోటకై అందరు కాచినచో పేరు ఆ కోటదే యగును. సగముమంది కాచినచో ఓటమి అందరిదగును. ఆపద తలుపు తట్టిన పిమ్మట చేతులు కలిపినచో పేరు మిగులునేమో గాని ఊరు మిగులదు. ముందుగానే ఒకరికొకరు కాచుకొను నియమమున్న కూటమికే ఊరును, పేరును రెండును దక్కును. ఇంట తెలుగును, వీధిలో తమిళమును పలుకుచు పెరుగు మీకు ఊమైత్తురైకి తెరచిన శివగంగ తలుపు జ్ఞాపకముండవలయును.

అభ్యాసము

1. మధుర 72 బురుజుల కట్టుబాటునకును, పూలిత్తేవరు కూటమికిని గల భేదమును వ్రాయుడు.

2. 1801 నాటి ప్రకటన ‘జంబూద్వీపము’ అను పేరును ఏల వాడియుండును? మీ ఇంటి పెద్దలతో చర్చించి వ్రాయుడు.

3. బంగాళాఖాతపు పటమును గీసి బిమ్‌స్టెక్ దేశములను గుర్తింపుడు. వానిలో సముద్రతీరము లేనివి ఏవి? ఆ దేశములకు ఈ కూటమి వలన కలుగు రక్షణ ఎట్టిది?