జనాభా లెక్కయు, చిల్లుల అట్టలును

అమెరికా దేశమున పదేండ్లకొకసారి జనాభా లెక్క తీయుదురు. 1880 నాటి వివరములను గుమాస్తాలు కూడి తేల్చుటకు ఏడెనిమిది ఏండ్లు పట్టెను. జనము పెరుగుచుండగా, ఒక లెక్క ముగియకమునుపే మరియొకటి వచ్చిపడునను భయము పుట్టెను.

ఆ లెక్కలలో పనిచేసిన యువకుడు హెర్మన్ హాలరిత్ (1860–1929) ఉపాయము వెదకెను. రైలులో టిక్కెట్లు చూచు ఉద్యోగి, ప్రయాణికుని జుట్టు, కన్నులు, ముక్కు ఎట్టివో తెలియునట్లు టిక్కెట్టుపై చిల్లులు పొడుచుట ఆయన చూచియుండెను. అట్లే మనిషికొక అట్ట. వయస్సు, వృత్తి, జన్మస్థలము, ఒక్కొక్క వివరమునకు ఒక్కొక్క చోట చిల్లు.

విద్యార్థులారా, ఇక యంత్రము పని చూడుడు. అట్టపైకి సూదులు దిగును. చిల్లున్నచోట సూది క్రిందనున్న పాదరసపు గిన్నెలో మునుగును. అంతట విద్యుత్తు ప్రవహించి, గడియారమువంటి పలకపై ముల్లు ఒక అంకె ముందుకు జరుగును. చిల్లు లేనిచోట సూది ఆగును, ముల్లు కదలదు. ఉన్నది, లేదు: యంత్రమునకు తెలిసినది ఇంతే. (చిల్లు తప్పుచోట పొడిచిన గుమాస్తా పొరపాటును మాత్రము అది ఎరుగదు!)

1890లో ఆరుకోట్లకు పైబడిన జనుల లెక్క ఈ అట్టలతోనే తేలెను. 1896లో హాలరిత్ స్థాపించిన కంపెనీ 1911లో మరికొన్నింటితో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అను పేరు దాల్చెను. తరువాత వచ్చిన కంప్యూటరులకు సయితము ఆదేశములను చాలకాలము చిల్లుల అట్టలమీదనే అందించిరి.