స్కాన్ ఆగిపోతే ట్యాప్: అనకాపల్లి మెడికల్ షాపులో నేర్చుకున్న పేమెంట్ పాఠం

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం, రాత్రి పదిన్నర. అమ్మమ్మకి ఆయాసం ఎక్కువైంది. ఇన్‌హేలర్ చూస్తే ఖాళీ. బైక్ తీసి, అనకాపల్లిలో ఆ టైమ్‌కి ఇంకా తెరిచి ఉన్న మెడికల్ షాపుకి పరిగెత్తాను. ఇన్‌హేలర్, మాత్రలు కలిపి బిల్లు 640 రూపాయలు. పర్సు ఇంట్లోనే ఉండిపోయింది. చేతిలో ఫోన్ ఉంది కదా అని ధీమా.

క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టాను. చక్రం తిరిగి తిరిగి 'పెండింగ్' దగ్గర ఆగింది. ఇంతలో బ్యాంక్ మెసేజ్ వచ్చింది: అకౌంట్‌లోంచి 640 కట్. కౌంటర్ మీద సౌండ్‌బాక్స్ మాత్రం నోరు విప్పలేదు. మెసేజ్ చూపిస్తే షాపాయన, "ఏమనుకోకు బాబూ, మెసేజ్ చూసి మందులిచ్చి రెండుసార్లు పోగొట్టుకున్నాను. బాక్సు చెప్తేనే పడ్డట్టు" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేం. నకిలీ స్క్రీన్‌షాట్లు తయారు చేయడం ఎంత తేలికో మనకి తెలియంది కాదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఫోన్‌లో శాంసంగ్ వాలెట్‌లో శాలరీ అకౌంట్ డెబిట్ కార్డు ఎప్పుడో సరదాకి యాడ్ చేశానని. "స్వైపింగ్ మిషన్ ఉందాండీ?" అని అడిగాను. సొరుగులోంచి తీసి ఆన్ చేశాడు. ఫోన్ వెనక భాగం మిషన్‌కి ఆనించాను. బీప్. స్లిప్ వచ్చింది, మందులు చేతికొచ్చాయి.

అమ్మమ్మ ఆ రాత్రి బాగానే నిద్రపోయింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఒకే ఫోన్, ఒకే కౌంటర్. ఒకటి ఎందుకు ఆగింది, రెండోది ఎందుకు పనిచేసింది?

స్కాన్ వెనక జరిగేది

కౌంటర్ మీద అతికించిన క్యూఆర్‌లో పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు. షాపు యూపీఐ ఐడీ, పేరు చుక్కల రూపంలో రాసిన కాగితం అంతే. పనంతా మన ఫోన్ మొదలుపెట్టాలి. మన యాప్ నుంచి రిక్వెస్ట్ ఎన్‌పీసీఐకి వెళ్తుంది. అక్కడి నుంచి మన బ్యాంకుకి వెళ్లి డబ్బు కట్ అవుతుంది. తర్వాత షాపు బ్యాంకులో జమ కావాలి. ఆ కబురు సౌండ్‌బాక్స్‌కి చేరాలి, దానికి మళ్లీ సొంత సిమ్, సొంత సిగ్నల్. ఈ గొలుసులో ఏ ఒక్క లింకు తెగినా మనం కౌంటర్ దగ్గర నిలబడిపోతాం. నాకు డబ్బు కట్ అయింది కానీ కన్ఫర్మేషన్ వెనక్కి రాలేదు. అందుకే పెండింగ్.

ట్యాప్ వెనక జరిగేది

ట్యాప్‌లో వాడేది ఎన్ఎఫ్‌సీ. ఫ్రీక్వెన్సీ 13.56 మెగాహెర్ట్జ్, దూరం సుమారు 4 సెంటీమీటర్లు. ఫోన్ అసలు కార్డు నంబర్ ఇవ్వదు. దాని బదులు టోకెన్ అనే మారు నంబర్‌ని, ఆ ఒక్క పేమెంట్‌కే పనికొచ్చే సీక్రెట్ కోడ్‌ని ఇస్తుంది. వాటిని బ్యాంకు దాకా మోసుకెళ్లేది మిషన్. అంటే ఆ క్షణంలో మన ఫోన్‌లో డేటా లేకపోయినా పని జరుగుతుంది. మిషన్‌కి నెట్ ఉంటే చాలు.

అలాగని ట్యాప్ గొప్పది, స్కాన్ చెత్తది అని కాదు. నా కార్డు వేరే బ్యాంకుది, దారి వేరే నెట్‌వర్క్‌ది. నన్ను కాపాడింది ఎన్ఎఫ్‌సీ ఒక్కటే కాదు, రెండో దారి ఉండటం. అదే శాలరీ అకౌంట్‌ని యూపీఐ యాప్‌లో లింక్ చేసి ఉంటే మళ్లీ స్కాన్ చేసినా పనయ్యేదేమో. చేయకపోవడం నా బద్ధకం.

మరి మిషన్ సొరుగులో ఎందుకుంది?

అడిగితే ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు: "కార్డుకి కమిషన్ పోతాది బాబూ." నిజమే. 2020 జనవరి 1 నుంచి యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి షాపు కట్టాల్సిన ఎండీఆర్ సున్నా. మిగతా డెబిట్ కార్డులకి ఆర్‌బీఐ 2018లో పెట్టిన పరిమితి ప్రకారం, ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం ఉన్న చిన్న షాపుకి 0.40 శాతం దాకా, అంతకు మించితే 0.90 శాతం దాకా. నా 640 మీద ఎక్కువలో ఎక్కువ 5 రూపాయల 76 పైసలు. మనకి చిల్లర. రోజంతా మాత్రలమ్మే షాపుకి అది లాభంలోంచి పోయే డబ్బు. దానికి తోడు మిషన్ అద్దె.

అమెరికాలోనూ ఈ గొడవ మెడికల్ షాపుల్లోనే పేలింది. 2014 అక్టోబర్ 20న యాపిల్ పే వచ్చింది. వాల్‌గ్రీన్స్ మొదటి రోజు నుంచే తీసుకుంది. సీవీఎస్, రైట్ ఎయిడ్ అనే రెండు పెద్ద ఫార్మసీ సంస్థలు మాత్రం వారం తిరక్కుండానే తమ మిషన్లలో ఎన్ఎఫ్‌సీని ఆపేశాయి. కారణం, కార్డు కమిషన్ తప్పించుకోవడానికి పెద్ద షాపులన్నీ కలిసి కరెంట్‌సీ అనే సొంత యాప్ తయారుచేస్తున్నాయి. అది క్యూఆర్‌తో పనిచేసి, బ్యాంకు అకౌంట్ నుంచి నేరుగా డబ్బు తీసుకుంటుంది. వింటుంటే మన యూపీఐలా లేదూ! కానీ అది 2016 జూన్‌లో మూతపడింది. రైట్ ఎయిడ్ 2015లో, సీవీఎస్ 2018లో యాపిల్ పేకి దారిచ్చాయి.

అదే 2016లో మన దగ్గర యూపీఐ మొదలై క్యూఆర్ గెలిచింది. టెక్నాలజీ ఒక్కటే దీన్ని తేల్చలేదు. కమిషన్ ఎవరు కడతారు, మిషన్ ఎవరు కొంటారు అన్నదీ తేల్చింది. మన కౌంటర్ల మీద కాగితం క్యూఆర్ ఉండి, మిషన్ సొరుగులో ఉండటానికి కారణం ఇదే.

ఈరోజే చేసి పెట్టుకోండి

1. యూపీఐ యాప్‌లో రెండు వేర్వేరు బ్యాంకుల అకౌంట్లు లింక్ చేయండి.

2. యూపీఐ లైట్ ఆన్ చేయండి. డబ్బు ముందే లైట్ బ్యాలెన్స్‌లోకి వచ్చేస్తుంది కాబట్టి, పేమెంట్ టైమ్‌లో మన బ్యాంకు సర్వర్ జోలికి వెళ్లక్కర్లేదు, పిన్ కూడా అడగదు. ఒక పేమెంట్‌కి 1,000, మొత్తం బ్యాలెన్స్ 5,000 దాకా పెంచుతున్నట్టు 2024 డిసెంబర్‌లో ఆర్‌బీఐ ప్రకటించింది. నా 640 ఇందులో హాయిగా పట్టేది. మామూలు లైట్‌కి నెట్ కావాలి. నెట్ లేకుండా ఎన్ఎఫ్‌సీతో పనిచేసే లైట్ ఎక్స్‌ని 2023 సెప్టెంబర్‌లో ప్రకటించారు కానీ, నేను వెళ్లే షాపుల్లో ఇంకా కనపడలేదు.

3. ఫోన్‌లో ఎన్ఎఫ్‌సీ ఉంటే కార్డు యాడ్ చేసి, ఏదైనా షాపులో ఒకసారి టెస్ట్ చేయండి. ఎన్ఎఫ్‌సీ యాంటెన్నా ఎక్కడుందో తెలుసుకోండి. మెటల్ ప్లేట్ ఉన్న కవర్ అయితే సిగ్నల్ అందకపోవచ్చు. కాంటాక్ట్‌లెస్ కార్డుకి 5,000 దాటితే పిన్ తప్పనిసరి.

4. డేటా పూర్తిగా పోతే *99# డయల్ చేసి యూపీఐ వాడొచ్చు. అయితే ముందే ఒకసారి సెట్ చేసుకుని ఉండాలి.

5. ఫోన్ కవర్ వెనక ఒక 500 నోటు పెట్టండి. నవ్వకండి. బ్యాటరీ చచ్చిపోయిన రోజు అదే మీ ఆఫ్‌లైన్ మోడ్.

డబ్బు కట్ అయి షాపుకి పడకపోతే

కంగారుపడి అదే అకౌంట్ నుంచి మళ్లీ మళ్లీ కొట్టకండి. 12 అంకెల రిఫరెన్స్ నంబర్ రాసుకుని, బిల్లు దాచుకుని, యాప్‌లోనే కంప్లైంట్ పెట్టండి. 2019 సెప్టెంబర్ ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం షాపుకి చేసిన యూపీఐ పేమెంట్ ఇలా ఆగిపోతే, పేమెంట్ చేసిన రోజు కాక 5 రోజుల్లోపు డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. అది దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం.

నా 640 మూడో రోజు తిరిగొచ్చింది. దాన్ని అలాగే లైట్ బ్యాలెన్స్‌లో వేశాను. మొన్న అదే షాపుకి వెళ్తే ఆయన నన్ను చూసి సొరుగు తీయబోయాడు. "అక్కర్లేదండీ" అని స్కాన్ చేశాను. బాక్సు వెంటనే మాట్లాడింది.