వేలంపాటలో పాతకార్ల ధరలు – ఒక పరిశీలన

మన భాషలో ‘వేలంవెర్రి’ అను పలుకుబడి కలదు. పదిమంది పోటీపడి పాట పెంచుచుండగా వస్తువు యొక్క అసలు విలువను మరచుటయే ఆ వెర్రి. అయితే వేలంలో పలికెడి ధర అంతయు వెర్రియేనా? అమెరికా దేశపు ‘మజిల్ కార్ల’ చరిత్రను ఉదాహరణముగా గైకొని మనము ఈ ప్రశ్నను పరిశీలింతము.

మధ్యరకపు కారులో పెద్ద వి-8 ఇంజను నమర్చి, యువకులకు అందుబాటు ధరకు అమ్మినవే మజిల్ కార్లు. 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ ఒరవడి బలపడినది. పదేండ్లు తిరుగకమునుపే బీమా రుసుములు పెరిగినవి. పొగపై ఆంక్షలు వచ్చినవి. 1973 నాటి చమురు సంక్షోభముతో ఆ యుగము ముగిసినది.

ఇచ్చట ఒక వింత గలదు. 1971లో ప్లిమత్ సంస్థ ‘హెమీ’ ఇంజనుతో చేసిన, మడచు పైకప్పుగల ‘కుడా’ కార్లు 11 మాత్రమే. అంతటి ఖరీదు పెట్టి కొనువారు నాడు కరవైరి. వానిలో ఒకటి 2014లో వేలమున 35 లక్షల డాలర్లు పలికినది. నాటి నిరాదరణ వలననే నేడు ఆ కారు అరుదైనది.

అరుదగుట యొక్కటే చాలదు. దానికి జ్ఞాపకము తోడు కావలెను. 1968లో వచ్చిన ‘బుల్లిట్’ చలనచిత్రములో స్టీవ్ మెక్వీన్ నడిపిన ఫోర్డ్ మస్టాంగును 1974లో ఒక కుటుంబము 6,000 డాలర్లకు కొన్నది. 2020 జనవరిలో ఫ్లోరిడాలో దాని పాట 34 లక్షల డాలర్ల వద్ద ముగిసినది. వేలము సంస్థకు చెల్లింపవలసిన రుసుముతో కలిపి కొనుగోలుదారునికైన మొత్తము 37 లక్షల 40 వేలు. పాట ధరనే లెక్కించినను, 46 ఏండ్లపాటు సాలుకు సుమారు 15 శాతము చక్రవడ్డీ వచ్చినట్లు!

ఈ లెక్క చూచి ఆశపడుట తగదు. అదే కాలమున తుప్పుపట్టి ఇనుపతుక్కుగా మారిన వేలాది కార్ల లెక్క ఏ వేలము పట్టికలోను కానరాదు. 2008 నాటి ఆర్థిక సంక్షోభము తరువాత ఈ కార్ల ధరలు బాగుగా పడిపోయినవి. యౌవనమున ఈ కార్లను చూచి ముచ్చటపడి, నడివయసున ధనవంతులైన వారే వీనికి ముఖ్యమైన కొనుగోలుదారులు. ఆ తరము తరలిపోయిన పిమ్మట వారి జ్ఞాపకములకు వెల యిచ్చువారు ఉందురో లేదో!

కావున విద్యార్థులు ఒక్క అమ్మకపు ధరను చూచి ధరల పోకడను నిర్ణయింపరాదు. అమ్ముడుపోయినవెన్ని, పోనివెన్ని, కాలగర్భమున కలసినవెన్ని అని ముందుగా ప్రశ్నింపవలెను. బంగారమునకైనను, భూమికైనను, పాత కారుకైనను ఈ ప్రశ్న యొక్కటే. దీనిని అడుగ నేర్చినవానికి వేలంవెర్రి అంటదు.