ఎడమ ముందు టైరు చూడండి

మోటార్‌స్పోర్ట్ ఇంజనీరింగ్ చదవడానికి క్రాన్‌ఫీల్డ్‌కీ, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్‌కీ మన తెలుగు పిల్లలు వస్తున్నారు. సెలవు రోజున రేసు చూడటానికి వచ్చి, నా మాట వినపడగానే “అంకుల్, మీరు తెలుగువాళ్లా?” అంటూ దగ్గరికొస్తారు. ఇంజను గురించి గంటసేపు మాట్లాడగలరు. టైరు దగ్గరికొచ్చేసరికి మాట తగ్గిపోతుంది. ట్రాకు పక్కన మార్షల్‌గా జెండా పట్టుకుని బ్రిటిష్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌ను ఏళ్లతరబడి చూసినవాణ్ణి కనుక, వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. మెత్తటి టైరు ఏ రేసుకి?

ఇక్కడ ఆదివారం ఒక్కరోజే మూడు రేసులు. మొదటిది ఏ వరసలో ముగిస్తే రెండోది ఆ వరసలోనే మొదలవుతుంది. మూడోదానికి ముందున్న కొందరి స్థానాలను తిరగేస్తారు. మెత్తటి టైరును ఆ మూడింటిలో ఒక్క రేసులోనే వాడాలన్న నియమం చాలా సీజన్లు నడిచింది. మెత్తటిది త్వరగా వేడెక్కి రోడ్డును బాగా పట్టుకుంటుంది, అంతే త్వరగా అరిగి జారుతుంది.

క్వాలిఫయింగ్‌లో వెనకబడ్డవాడు దాన్ని మొదటి రేసులోనే వాడితే లాభం రెండుసార్లు. అక్కడ దాటేసిన కార్లన్నీ రెండో రేసులో అతని వెనకే నిలబడతాయి. ముందున్నవాడు మాత్రం మూడో రేసు దాకా దాచుకోవచ్చు, తిరగేసిన వరసలో మళ్లీ పైకి రావడానికి. రెండు లెక్కలూ సరైనవే. అయితే మొదటి రేసులో మెత్తటి టైరుతో గెలిచినవాడు, రెండోదాంట్లో గట్టి టైరు మీద, వెనక మెత్తటి టైర్లతో తరుముకొచ్చే వాళ్లను కాచుకోవాలి. అందుకే మన కారు ఒక్కటే చూసుకుంటే చాలదు. పక్క గ్యారేజీలో ఏది బిగిస్తున్నారో చూడాలి.

2. ముందు టైర్ల కష్టం

ఈ కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి. కారును లాగేదీ, మలుపు తిప్పేదీ, బ్రేకు భారంలో ఎక్కువ మోసేదీ ఆ రెండు టైర్లే. సంపాదనా, వంటా, పిల్లల చదువూ ఇంట్లో ఒక్కరి మీదే పడ్డట్టు. 2021లో పాయింట్లలో ముందున్న కారుకు 75 కిలోల దాకా అదనపు బరువు పెట్టేవారు. ఆ మోతలోనూ పెద్ద వాటా వీటిదే.

ఇది కళ్లారా చూడాలంటే థ్రక్స్‌టన్ వెళ్లండి. హ్యాంప్‌షైర్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాశ్రయంలోని ట్రాకు అది, చుట్టుకొలత 2.356 మైళ్లు. రోడ్డు గరుకు. వేగంలో బ్రిటన్‌లో దానికి సాటి వచ్చే ట్రాకు లేదు. పెద్ద మలుపులు కుడివైపువి, కనుక బరువంతా ఎడమ ముందు టైరు మీదికి ఒరుగుతుంది. చర్చ్ అనే మలుపు దగ్గర నిలబడితే ఆ టైరు పక్కగోడ నలగడం కళ్లకు కనబడుతుంది. అక్కడికి గట్టి టైరే తెస్తారు. మొదటి ల్యాపుల్లో స్టీరింగ్ తక్కువ తిప్పి, కారును దానంతట అది మలుపు తిరగనిచ్చేది ఎవరో గమనించండి. చివరి ల్యాపుల్లో పట్టు మిగిలేది వాళ్లకే. పోటీ అంటే ముందుకు దూసుకెళ్లడం ఒక్కటే కాదని నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

3. వెనక టైర్లు చల్లగా ఉంటాయి

టైర్లను ముందే వేడిచేసే దుప్పట్లకు ఇక్కడ అనుమతి లేదు. ముందు టైర్లు తమ పనితోనే వేడెక్కుతాయి, వెనకవాటికి ఆ పని ఉండదు. మొదటి ల్యాపులో బ్రేకు తొక్కుతూ మలుపు తిప్పితే వెనక భాగం చటుక్కున పక్కకు పోతుంది. మా పసుపు జెండా ఆ ల్యాపులో ఎప్పుడూ సగం విప్పే ఉంటుంది.

4. గాలి

ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే టైరులో ఒత్తిడి సుమారుగా ఒక పీఎస్‌ఐ పైచిలుకు పెరుగుతుంది. అందుకని చల్లగా ఉన్నప్పుడు కాస్త తక్కువ పట్టిస్తారు. మరీ తక్కువైతే పక్కగోడ అతిగా వంగి, లోపల వేడి పుట్టి, టైరే పోతుంది. గేజి చదవడం చిన్న పని అనుకోవద్దు బాబూ.

5. అందరికీ ఒకే టైరు: నా ఓటు దీనికే

1990లలో సూపర్ టూరింగ్ కార్లంటే కంపెనీల డబ్బు వరద. స్వతంత్ర జట్టు టీమ్ డైనమిక్స్ నిస్సాన్‌తో 1999లో డానింగ్టన్‌లో మ్యాట్ నీల్ ఫ్యాక్టరీ జట్లను ఓడిస్తే 2,50,000 పౌండ్ల బహుమతి ఇచ్చారు. స్వతంత్ర డ్రైవరు గెలవడం అంత అరుదు. ఖర్చు భరించలేక 2000తో ఆ కార్ల కాలమే ముగిసింది.

టైర్ల సంగతీ అంతే. టైరు కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీపడితే మంచి రబ్బరు ముందు పెద్ద జట్టుకే చేరుతుంది. చిన్న జట్టుకు రేసు మొదలవకముందే ఓటమి. ఇక్కడ 2003 నుంచి డన్‌లప్, 2020 నుంచి గుడ్‌ఇయర్, ఎవరికైనా అదే టైరు. ఆస్ట్రేలియా సూపర్‌కార్స్‌లో 2002 నుంచి డన్‌లప్ ఒక్కటే. ప్రపంచ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్ 2006లో యోకొహామాకు మారింది. జపాన్ సూపర్ జీటీలో మాత్రం కంపెనీల యుద్ధం సాగింది. 2014, 2015లలో నిస్మో జట్టు మిషెలిన్ టైర్లతో జీటీ500 తరగతి గెలవడం అందమైన సంగతే. అదే మిషెలిన్ 2023 తర్వాత ఆ తరగతి వదిలి వెళ్లింది.

6. వేరే టైరు లేనప్పుడు

ఒకే టైరు ఉన్నచోట అది సరిపడకపోతే జట్టుకు మరో దారి లేదు. 2022 మే నెలలో నూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫెలో వరల్డ్ టూరింగ్ కార్ కప్ రేసులను టైర్ల భద్రత మీద అనుమానంతో రద్దు చేశారు. ఒక్క చుట్టు 20 కిలోమీటర్లు దాటే కొండదారి అది. ఆ ఏడాదే సయన్ రేసింగ్ అనే జట్టు టైర్ల కారణంగానే మిగిలిన సీజన్ వదిలేసింది. టైటిల్ కోసం పోరాడుతున్న జట్టు అలా తప్పుకోవడం నాకు పిరికితనంగా కనబడలేదు. ఒక్కరికే టైరు హక్కు ఇచ్చిన నిర్వాహకులు, ఆ టైరు ప్రతి కారు బరువుకూ ప్రతి ట్రాకుకూ ఆగుతుందో లేదో ముందే పరీక్షించి తీరాలి.

7. వాన

తడిలో గాడుల టైరు, పొడిలో గాడుల్లేని స్లిక్. కష్టమంతా రెంటికీ మధ్య. ఆరుతున్న రోడ్డు మీద వాన టైరు వేడెక్కి చితికిపోతుంది. ట్రాకు అంతా ఒకేసారి ఆరదు. ఓల్టన్ పార్క్‌లో చెట్ల కింద వాన ఆగాక కూడా నీళ్లు కారుతూనే ఉంటాయి. వాతావరణ యాప్ చూస్తూ కూర్చోకుండా ట్రాకు వెంట నడిచి రండి. ఏ మలుపు ముందు ఆరుతుందో, ఎక్కడ నీరు అడ్డంగా పారుతుందో మా పోస్టులో ఉన్న ఎవరినైనా అడగండి, చెబుతాం.